ఎన్‌బీఏ కొత్త కుర్రాళ్లలో ఎవరు నిలబడతారు? మొదటి ఏడాది ఆటలో నేను చూసేవి

ప్రశ్న: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోకి ఏటా కొత్త ఆటగాళ్లు వస్తారు కదా, మొదటి సీజన్ చూసి వీళ్లలో ఎవరు పెద్ద ఆటగాళ్లవుతారో చెప్పగలమా? రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు) గెలిచినవాళ్లు కూడా కొందరు నాలుగేళ్లకే కనపడకుండా పోతున్నారు. మరి ఏ అంకెల్ని నమ్మాలి?

సమాధానం:

చాలావరకు చెప్పొచ్చండి. అయితే ఆటకి ఎన్ని పాయింట్లు కొట్టాడన్న ఒక్క లెక్క పట్టుకుంటే చెప్పలేం. కొత్తవాడు మొదటి ఏడాది కొట్టే పాయింట్లలో చాలా భాగం జట్టు చలవ. ఎన్ని నిమిషాలు ఆడనిచ్చారు, ఎన్నిసార్లు బంతి చేతికిచ్చారు, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి అవి పెరుగుతాయి, తగ్గుతాయి. జట్టు మారినా కోచ్ మారినా ఆటగాడి వెంటే వెళ్లేవి వేరే ఉన్నాయి: వయసు, చేతిలో ఉన్న టచ్ (బంతిని మెత్తగా, గురిగా వదిలే నేర్పు), ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో పసిగట్టే చూపు. నేను ముందు చూసేది ఈ మూడింటినే. పాయింట్లు ఆ తర్వాత.

నా గురించి రెండు ముక్కలు. హైదరాబాద్‌లో యూనివర్సిటీ జట్టుకు గార్డ్‌గా (బంతి నడిపించే ఆటగాడిగా) ఆడాను. ఉద్యోగరీత్యా టెక్సస్ వచ్చి చాలా ఏళ్లయింది. ఫ్రిస్కోలో వారాంతాల్లో హైస్కూలు పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతుంటాను, వాళ్లలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. డ్రాఫ్ట్‌లో ఎంపికైన కుర్రాళ్ల అంకెలు రాసిపెట్టుకుని మూడేళ్ల తర్వాత తీసి చూసుకోవడం నాకు పాత అలవాటు.

తెలియనివాళ్ల కోసం డ్రాఫ్ట్ సంగతి కొంచెం చెప్తాను. ఏటా వేసవిలో 30 జట్లు రెండు రౌండ్లలో కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటాయి. ప్లేఆఫ్స్‌కి (సీజన్ ఆఖర్లో కప్పు కోసం జరిగే పోటీలకి) చేరని 14 జట్లకు లాటరీ తీస్తారు, మొదటి పిక్‌లు (ఎంపిక అవకాశాలు) వాటికే వెళ్తాయి. అంటే ఆశలు ఎక్కువగా ఉన్న కుర్రాడు సాధారణంగా అందరికంటే ఓడిపోతున్న జట్టులోకి వెళ్లి పడతాడు. అలాంటి జట్టులో షాట్లు కొట్టడానికి వేరే మనిషి ఉండడు, గెలవాలన్న ఒత్తిడీ ఉండదు. ఎవరో ఒకరు ఆటకి 16, 17 పాయింట్లు కొట్టాలి కాబట్టి కొత్తవాడే కొడతాడు. పేపర్లో పేరు వస్తుంది. ఆ పాయింట్లు అతనివా, ఖాళీగా ఉన్న ఆ జాగావా అన్నది తేల్చుకోవాలి.

దీనికి 2013 డ్రాఫ్ట్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ ఏడాది మొదటి పిక్ క్లీవ్‌లాండ్ తీసుకున్న ఆంథనీ బెనెట్. మొదటి సీజన్లో సగటు 4.2 పాయింట్లు. 2017 వచ్చేసరికి లీగ్‌లోనే లేడు. ఇది అందరికీ కనపడిన వైఫల్యం, ఇందులో ఊహించడానికి ఏమీ లేదు. అసలు పాఠం రూకీ ఆఫ్ ది ఇయర్ గెలిచిన మైకేల్ కార్టర్-విలియమ్స్ దగ్గర ఉంది. 11వ పిక్, ఫిలడెల్ఫియా. మొదటి మ్యాచ్‌లోనే అప్పటి చాంపియన్లు మయామీ హీట్ మీద 22 పాయింట్లు, 12 అసిస్ట్‌లు (సహచరుడు బాస్కెట్ వేసేలా ఇచ్చిన పాస్‌లు), 9 స్టీల్స్ (ఎదుటివాళ్ల దగ్గర లాక్కున్న బంతులు), 7 రీబౌండ్లు (షాట్ తప్పాక అందుకున్న బంతులు). సీజన్ మొత్తానికి 16.7 పాయింట్లు, 6.3 అసిస్ట్‌లు, 6.2 రీబౌండ్లు. కొత్తవాళ్లలో మూడింటిలోనూ అతనే ఫస్ట్. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

ఇప్పుడు అదే సీజన్‌ని ఇంకోవైపు నుంచి చూడండి. ఆ ఫిలడెల్ఫియా జట్టు 19 గెలిచి 63 ఓడింది, వరసగా 26 మ్యాచ్‌లు ఓడిపోయింది. లీగ్‌లో అందరికంటే వేగంగా ఆడే జట్టు కూడా అదే. వేగంగా ఆడితే ఒక్కో మ్యాచ్‌లో బంతి ఎక్కువసార్లు చేతికొస్తుంది, అంకెలన్నీ ఉబ్బుతాయి. కార్టర్-విలియమ్స్ షాట్లలో పడినవి 40 శాతం చిల్లర, త్రీ పాయింటర్లలో (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో) 26 శాతం, ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డం లేకుండా వేసేవి) 70 శాతం. ఆటకి మూడున్నర టర్నోవర్లు, అంటే షాట్ వేయకుండానే బంతి ఎదుటివాళ్లకి పోగొట్టుకోవడాలు. పైగా సీజన్ మొదలయ్యేనాటికే 22 ఏళ్లు నిండాయి. స్టీల్స్ చూస్తే చూపు బాగానే ఉన్నట్టుంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. పొడుగైన గార్డ్, చేతులు పొడుగు, పాసింగ్ దారుల్లోకి చొరబడేవాడు. కానీ బంతి చేతిలో పెట్టుకుని ఆడే గార్డ్ బయటి నుంచి కొట్టలేకపోతే డిఫెండర్ రెండడుగులు వెనక్కి జరిగి నిలబడతాడు. ఇక లోపలికి దారి ఉండదు. భుజం ఆపరేషన్ కూడా తోడైంది. ఫిలడెల్ఫియా వాళ్లు ఇదంతా గమనించారు. అవార్డు వచ్చి ఏడాది తిరక్కుండా 2015 ఫిబ్రవరిలో అతన్ని ఇచ్చేసి, బదులుగా మంచి డ్రాఫ్ట్ పిక్ పుచ్చుకున్నారు.

ఆ ట్రేడ్‌లో అతను వెళ్లింది మిల్వాకీకి. అక్కడ అదే 2013 డ్రాఫ్ట్‌లో 15వ పిక్‌గా వచ్చిన కుర్రాడు అప్పటికే ఉన్నాడు. యానిస్ అంతెతోకుంపో. గ్రీస్ రెండో డివిజన్ లీగ్ నుంచి వచ్చాడు. మొదటి సీజన్ సగటు 6.8 పాయింట్లు. ఆ మిల్వాకీ కూడా 15 గెలిచి 67 ఓడిన జట్టే, అయినా అతని చేతికి బంతి పెద్దగా ఇవ్వలేదు. కానీ డ్రాఫ్ట్ రోజుకి అతని వయసు 18. సీజన్లో 77 మ్యాచ్‌లు ఆడాడు, ఇంకా ఎత్తు పెరుగుతున్నాడు. అతను 2019, 2020ల్లో ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) అవుతాడని, 2021 ఫైనల్స్ ఆఖరి మ్యాచ్‌లో 50 పాయింట్లు కొట్టి కప్పు తెస్తాడని అప్పుడు ఎవరూ చెప్పలేరు. చెప్పామనేవాళ్లని నమ్మకండి. కానీ ఈ ఇద్దరిలో ఎవరి మీద డబ్బు పెట్టాలి అని మాత్రమే అడిగితే, 2014 వేసవిలోనే జవాబు ఉంది. మూడేళ్లు చిన్నవాడు, ఆడుతున్నది తనకంటే ఎన్నో మెట్లు పైనున్న లీగ్‌లో, అయినా మునిగిపోలేదు.

వయసు ఇంత ముఖ్యమా అంటే, అవును. 18 ఏళ్లకి రంజీ మ్యాచ్‌లో 40 కొట్టిన కుర్రాడికీ 24 ఏళ్లకి అదే పిచ్ మీద 60 కొట్టినవాడికీ సెలెక్టర్లు ఒకే మార్కులు వేస్తారా? ఇదీ అంతే. 2006 డ్రాఫ్ట్ నుంచి అమెరికా కుర్రాళ్లు హైస్కూలు నుంచి నేరుగా రావడానికి లేదు, ఆ క్యాలెండర్ ఏడాదిలో 19 నిండాలి. కాబట్టి ఇప్పుడు రూకీల వయసులు 18 నుంచి 24 దాకా పరచుకుని ఉంటాయి. అందరినీ ఒకే పట్టీలో పెట్టి పాయింట్లు పోల్చడం అన్యాయం.

2017లో రూకీ ఆఫ్ ది ఇయర్ అయిన మాల్కం బ్రాగ్డన్ సీజన్ మధ్యలో 24లోకి వచ్చాడు. రెండో రౌండ్‌లో 36వ పిక్, సగటు 10.2 పాయింట్లు. అతను విఫలం కాలేదు. చక్కటి, నమ్మకస్తుడైన ఆటగాడిగా చాలా ఏళ్లు నిలబడ్డాడు, 2023లో సిక్స్త్ మ్యాన్ (బెంచి మీద నుంచి వచ్చి ఆడేవాళ్లలో ఉత్తముడు) అవార్డు గెలిచాడు. మొదటి ఏడాది ఆటలో కనపడిన మనిషే తర్వాతా కనపడ్డాడు. వయసు మీరి వచ్చినవాడి విషయంలో సాధారణంగా జరిగేది ఇదే: మొదటి ఏడాది ఎంత ఎత్తులో ఉన్నాడో, దానికి కొంచెం అటూ ఇటూగానే ఉంటాడు. మినహాయింపులు లేకపోలేదు. జిమ్మీ బట్లర్ 22 ఏళ్లకి 30వ పిక్‌గా షికాగో వచ్చి, మొదటి ఏడాది ఆటకి ఎనిమిదిన్నర నిమిషాలు ఆడి 2.6 పాయింట్లు కొట్టాడు. 2015కల్లా ఆల్ స్టార్, అంటే లీగ్‌లో మేటి ఆటగాళ్ల జట్టుకు ఎంపికైనవాడు. డ్రేమండ్ గ్రీన్ నాలుగేళ్లు కాలేజీలో ఆడి 35వ పిక్‌గా వచ్చినవాడు, మొదటి ఏడాది 2.9 పాయింట్లు. ఈ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఏంటో తెలుసా? పాయింట్లు లేని ఆ ఏడాదిలో కూడా కోచ్‌లు వాళ్లని కోర్టు మీదకి పంపింది డిఫెన్స్ కోసం. కొత్తవాడికి డిఫెన్స్‌లో నిమిషాలు దొరికాయంటే ఆ మనిషి చూపు మీద కోచ్‌కి నమ్మకం కుదిరిందన్నమాట. నా నోట్సులో దానికి విడిగా ఒక గడి ఉంటుంది.

ఇక టచ్ సంగతి. కొత్తవాడు ముందు ముందు షూటర్ అవుతాడా లేదా అని తెలుసుకోవడానికి అందరూ త్రీ పాయింటర్ల శాతం చూస్తారు. నేను ఫ్రీ త్రోల శాతం చూస్తాను. లెక్క వేసి చూడండి. కాలేజీలో ఒక సీజన్‌కి ఒక గార్డ్ 150 త్రీలు వేశాడనుకుందాం. 50 పడితే 33 శాతం, సాదాసీదా షూటర్ అంటారు. 55 పడితే 37 శాతం దగ్గర, అబ్బో అంటారు. తేడా ఐదే ఐదు షాట్లు. సీజన్ మొత్తంలో ఐదుసార్లు బంతి రింగు అంచు తాకి లోపలికి దొర్లితే మనిషి విలువ మారిపోతోంది. పైగా కాలేజీ గీత 22 అడుగుల చిల్లరలో ఉంటుంది, ఎన్‌బీఏ గీత మూలల్లో తప్ప 23 అడుగుల 9 అంగుళాలు. ఫ్రీ త్రో అలా కాదు. అదే 15 అడుగులు, ఎదురుగా చెయ్యి పెట్టేవాడు లేడు, కాలేజీ అయినా ఎన్‌బీఏ అయినా గీత మారదు. అక్కడ కనపడేది మణికట్టు ఒక్కటే.

కవాయ్ లెనర్డ్ శాన్ డియేగో స్టేట్‌లో ఉన్న రెండేళ్లలో త్రీలు నాలుగోవంతు మాత్రమే వేయగలిగాడు. ఫ్రీ త్రోలు మాత్రం 70 శాతం పైనే. 2011లో అతను 15వ పిక్ దాకా మిగిలిపోవడానికి షూటింగ్ లేదన్నది పెద్ద కారణం. శాన్ ఆంటోనియో స్పర్స్ జార్జ్ హిల్ లాంటి అందరూ మెచ్చే ఆటగాణ్ణి ఇచ్చి మరీ ఇతన్ని తెచ్చుకుంది. వాళ్ల షూటింగ్ కోచ్ చిప్ ఎంగెలండ్ చేతిలో పడ్డాక మొదటి సీజన్లోనే త్రీలు 37 శాతం దాటాయి. సరిదిద్దడానికి వీలున్న చెయ్యి అది అని ఫ్రీ త్రోలు ముందే చెప్పాయి.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున బెన్ సిమన్స్. 2018 రూకీ ఆఫ్ ది ఇయర్. 15.8 పాయింట్లు, 8.1 రీబౌండ్లు, 8.2 అసిస్ట్‌లు. చూపు అద్భుతం, ఆ ఎత్తులో అలా పాస్ వేసేవాళ్లు అరుదు. కానీ ఫ్రీ త్రోలు 56 శాతం. 11 త్రీలు వేస్తే ఒక్కటీ పడలేదు. చూపు ఉంది కాబట్టి మూడుసార్లు ఆల్ స్టార్ అయ్యాడు, అది ఊహించినట్టే జరిగింది. టచ్ లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగింది 2021 ప్లేఆఫ్స్‌లో. 73 ఫ్రీ త్రోలు వేస్తే 25 పడ్డాయి. అట్లాంటా మీద ఏడో మ్యాచ్‌లో ఫౌల్ అయితే గీత దగ్గరికి వెళ్లాల్సి వస్తుందని చేతికందే డంక్ కూడా వదిలేసి పక్కవాడికి పాస్ ఇచ్చాడని అందరూ అనుకున్నారు. ఆ తర్వాత ఫిలడెల్ఫియాకి మళ్లీ ఆడలేదు. అది చూసినప్పుడు నాకు చాలా బాధేసింది, ఎందుకంటే అంత మంచి పాసర్ నా తరం చూసిన పొడుగు ఆటగాళ్లలో కొద్దిమందే.

ఫ్రీ త్రోల శాతం కంటే ఇంకొంచెం లోతుగా చూడాలంటే తప్పిన షాట్లను చూడండి. ఫ్రిస్కోలో డాలస్ వాళ్ల జీ లీగ్ (ఎన్‌బీఏ కింది మెట్టు లీగ్) జట్టు టెక్సస్ లెజెండ్స్ ఆడుతుంది. నేను మ్యాచ్‌కి బాగా ముందే వెళ్లి కూర్చుంటాను. సీట్లు సగం కూడా నిండవు, ఒక అసిస్టెంట్ కోచ్ రింగు కింద నిలబడి బంతులు అందిస్తుంటాడు, కుర్రాడు గీత మీద వరసగా వేస్తుంటాడు. పడినవాటి గురించి పట్టించుకోను. తప్పినవి ఎటు తప్పుతున్నాయో చూస్తాను. బంతి రింగు ముందు అంచుకో వెనక అంచుకో తగులుతుంటే అది కాళ్ల బలం, అలసట. నిద్రపోతే, జిమ్‌కి వెళ్తే బాగుపడుతుంది. కుడికీ ఎడమకీ పోతుంటే మోచేతిలోనో ఆనుకునే చేతి బొటనవేలులోనో దోషం ఉంది. అది పదేళ్ల వయసు నుంచి ఉన్న అలవాటు. దాన్ని మార్చడానికి ఏళ్లు పట్టొచ్చు, కొందరికి ఎప్పటికీ మారదు. టీవీలో కూడా ఇది కనపడుతుంది, స్కోరు చూడ్డం మానేసి రింగు వైపు చూస్తే చాలు.

మూడోది చూపు. ఇది అంకెల్లో సరిగ్గా దొరకదు. స్టీల్స్, బ్లాక్స్ (అడ్డుకున్న షాట్లు), అసిస్ట్‌లకీ టర్నోవర్లకీ మధ్య నిష్పత్తి, ఇవన్నీ దాని నీడలు. 2015లో లీగ్‌లో అడుగుపెట్టిన ఇద్దరు సెంటర్లను (రింగు దగ్గర ఆడే పొడుగు ఆటగాళ్లను) పక్కపక్కన పెడితే బాగా అర్థమవుతుంది. జలీల్ ఓకాఫోర్ మూడో పిక్, కాలేజీ చాంపియన్ జట్టు డ్యూక్ నుంచి వచ్చాడు. మొదటి సీజన్ 17.5 పాయింట్లు, 7 రీబౌండ్లు. ఆడింది, మళ్లీ, ఫిలడెల్ఫియాలోనే. ఈసారి ఆ జట్టు 10 గెలిచి 72 ఓడింది. నికోలా యోకిచ్ 2014లోనే 41వ పిక్‌గా ఎంపికై, ఏడాది సెర్బియాలో ఉండి డెన్వర్ వచ్చాడు. ఆటకి 22 నిమిషాల లోపు, 10 పాయింట్లు, 7 రీబౌండ్లు. పాయింట్ల పట్టీలో ఓకాఫోర్ ఎక్కడో పైన. వయసులో కూడా ఓకాఫోరే చిన్నవాడు. కాబట్టి నేను పైన చెప్పిన వయసు సూత్రం ఒక్కటీ పట్టుకుని వెళ్తే ఇక్కడ బోర్లా పడతాం.

మిగతావి చూడండి. ఓకాఫోర్ ముప్పై నిమిషాలు ఆడి ఇచ్చిన అసిస్ట్‌లు 1.2. టర్నోవర్లు దానికి దాదాపు రెట్టింపు. ఫ్రీ త్రోలు 70 శాతం లోపు. యోకిచ్ తక్కువ నిమిషాల్లో 2.4 అసిస్ట్‌లు, టర్నోవర్లు అందులో సగం చిల్లర, ఫ్రీ త్రోలు 81 శాతం. వీడియో చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, కానీ వాళ్లిద్దరినీ కాకుండా మిగతా నలుగుర్ని చూడాలి. ఓకాఫోర్‌కి రింగు ఎడమ పక్కన బంతి ఇచ్చాక తక్కిన నలుగురూ నిలబడిపోయేవారు. అతను ఒక డ్రిబుల్, రెండో డ్రిబుల్, భుజంతో తోసి తిరిగి షాట్. పడితే రెండు పాయింట్లు, పడకపోతే అంతే. యోకిచ్ ఫ్రీ త్రో గీత దగ్గర బంతి అందుకున్నాడంటే డెన్వర్ ఆటగాళ్లు పరిగెత్తడం మొదలుపెట్టేవారు. ఖాళీ జాగాలోకి వెళ్తే బంతి తప్పకుండా వస్తుందని వాళ్లకు తెలుసు. ఇరవై ఏళ్ల కొత్తవాణ్ణి నమ్మి పెద్దవాళ్లు పరిగెడుతున్నారంటే అంతకు మించిన సర్టిఫికెట్ ఉండదు. ఓకాఫోర్‌ని 2017 డిసెంబర్‌లో ఫిలడెల్ఫియా వదిలించుకుంది. యోకిచ్ 2021, 2022, 2024ల్లో ఎంవీపీ, 2023లో చాంపియన్.

అదే 2015 డ్రాఫ్ట్ క్లాస్‌లో (బ్యాచ్‌లో) డెవిన్ బుకర్ ఉన్నాడు. కెంటకీలో బెంచి మీద నుంచి వచ్చి ఆడేవాడు, 13వ పిక్. మొదటి ఏడాది త్రీలు 34 శాతం, షూటర్ అని చెప్పి తెచ్చారు కదా ఇదేంటి అన్నారు. ఫ్రీ త్రోలు 84 శాతం, సీజన్ మొదలయ్యేనాటికి 18 ఏళ్లు. టచ్ ఉంది, వయసు ఉంది. ఇంకేం కంగారు?

ఇప్పుడు జట్టు సంగతి. కుర్రాడిలో సరుకు ఉన్నా దాన్ని తప్పు చోట వాడితే మొదటి ఏడాది అంకెలు అబద్ధం చెప్తాయి. కెవిన్ డ్యురాంట్ 2007లో రెండో పిక్‌గా సియాటిల్ వెళ్లాడు. డ్రాఫ్ట్‌కి ముందు జరిగే పరీక్షల్లో 185 పౌండ్ల బరువు ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడని అప్పట్లో పెద్ద గోల. అంత పొడుగు మనిషిని కోచ్ కార్లెసిమో షూటింగ్ గార్డ్ జాగాలో నిలబెట్టాడు. 20.3 పాయింట్లు, రూకీ ఆఫ్ ది ఇయర్. కానీ షాట్లు 43 శాతం, త్రీలు 29 శాతం లోపే. అంకెలు చదివేవాళ్లు కొందరు ఇతను షాట్లు వృథా చేసేవాడని తేల్చేశారు. ఫ్రీ త్రోలు మాత్రం 87 శాతం. జట్టు ఓక్లహోమా సిటీకి మారింది, రెండో సీజన్ మొదట్లోనే కోచ్ మారాడు, స్కాట్ బ్రూక్స్ వచ్చి అతన్ని ఫార్వర్డ్ జాగాకి మార్చాడు. ఆ ఏడాది 25.3 పాయింట్లు, త్రీలు 42 శాతం. ఒక్క ఏడాదిలో మనిషి చెయ్యి మారలేదు. నిలబెట్టిన చోటు మారింది.

షే గిల్జెస్-అలెగ్జాండర్ కథ ఇంకో రకం. 2018లో 11వ పిక్, లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్. మొదటి ఏడాది 10.8 పాయింట్లే. ఆ ఏడాది అవార్డు లూకా డాన్చిచ్‌ది, 21.2 పాయింట్లు. డాన్చిచ్ 19 ఏళ్లకే యూరోలీగ్ ఎంవీపీ అయి వచ్చినవాడు, అతన్ని గుర్తుపట్టడానికి ఎవరి సలహా అక్కర్లేదు, అయినా అతని కంటే ముందు ఇద్దర్ని తీసుకున్నారు. షే విషయంలో నాకు ఆసక్తి కలిగించింది ఏంటంటే, ఆ 10.8 పాయింట్లు వచ్చింది 48 మ్యాచ్‌లు గెలిచిన జట్టులో. కొత్తవాడికి తప్పులు చేసే స్వేచ్ఛ ఇవ్వని జట్టు, అయినా 73 మ్యాచ్‌ల్లో మొదటి ఐదుగురిలో దింపారు. షాట్లు 47 శాతం, ఫ్రీ త్రోలు 80. ప్లేఆఫ్స్‌లో గోల్డెన్ స్టేట్ మీద ఒక మ్యాచ్‌లో 25 కొట్టాడు. ఓడే జట్టులో 17 కంటే గెలిచే జట్టులో ఈ 11 బరువైనవి. 2019 వేసవిలో పాల్ జార్జ్ కోసం క్లిప్పర్స్ ఇతన్ని, కట్టలకొద్దీ డ్రాఫ్ట్ పిక్‌లని ఓక్లహోమా సిటీకి ఇచ్చేశారు. 2025లో ఎంవీపీ, అదే ఏడాది కప్పు.

జులైలో లాస్ వేగస్‌లో కొత్త కుర్రాళ్లతో జరిగే సమ్మర్ లీగ్ చూసి మాత్రం ఏమీ తేల్చుకోకండి. 2012లో అక్కడ ఎంవీపీని ఇద్దరు పంచుకున్నారు. ఒకరు డేమియన్ లిల్లార్డ్. రెండోవాడు జాష్ సెల్బీ, ఏడాది తిరిగేసరికి ఎన్‌బీఏలో లేడు.

మన దేశం నుంచి డ్రాఫ్ట్ అయిన మొదటి ఆటగాడి గురించి కూడా చెప్పాలి. పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్, 2015లో 52వ పిక్, డాలస్. 7 అడుగుల 2 అంగుళాలు, 19 ఏళ్లు. అతను ఆడింది మా ఫ్రిస్కోలోనే, లెజెండ్స్‌కి. మన కుర్రాడని ఇక్కడి ఇండియన్ కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవి, అతను బెంచి మీద నుంచి లేస్తే చాలు చప్పట్లు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. లోపం కష్టపడటంలో లేదు, చేతిలో టచ్ కూడా ఆ ఎత్తుకి బాగానే ఉండేది. కానీ 2015 అంటే గోల్డెన్ స్టేట్ వాళ్లు పొట్టి జట్టుతో కప్పు గెలిచిన ఏడాది. అప్పటి నుంచి ప్రతి జట్టూ ఎదుటి సెంటర్‌ని రింగు దగ్గర నుంచి బయటికి లాగి, పిక్ అండ్ రోల్‌లో (సహచరుడు డిఫెండర్‌కి అడ్డం నిలబడి రింగు వైపు కదిలే ఎత్తులో) వేగంగా కదిలే గార్డ్ ముందు నిలబెట్టడం మొదలుపెట్టింది. అక్కడ పక్కకి మూడడుగులు జారగలిగే పాదాలు కావాలి. పద్నాలుగేళ్లకి అమెరికా వచ్చి అన్నీ కొత్తగా నేర్చుకుంటున్న అంత పెద్ద శరీరానికి అది చాలా కష్టం. పదిహేనేళ్లు ముందు పుట్టి ఉంటే అతనికి లీగ్‌లో కొన్నేళ్ల చోటు దొరికేదని నా నమ్మకం. కుర్రాణ్ణి అంచనా వేసేటప్పుడు లీగ్ ఎటు పోతోందో కూడా చూడాలని నేను గట్టిగా అనుకోవడం మొదలైంది అక్కడే.

గాయాల గురించి ఎక్కువ చెప్పలేను. డ్యురాంట్ కంటే ముందు మొదటి పిక్‌గా వెళ్లిన గ్రెగ్ ఓడెన్ మోకాలి ఆపరేషన్‌తో మొదటి సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు, ఆ కెరీర్ ఎప్పటికీ కోలుకోలేదు. అదే పోర్ట్‌లాండ్‌లో 2007 రూకీ ఆఫ్ ది ఇయర్ బ్రాండన్ రాయ్ మోకాళ్లు అరిగి 2011లో రిటైర్మెంట్ ప్రకటించాడు. వైద్య నివేదికలు జట్ల దగ్గర ఉంటాయి, మన దగ్గర ఉండవు.

మీరు ఇప్పుడు ఎవరి మీదైనా ఇది ప్రయత్నించాలనుకుంటే కూపర్ ఫ్లాగ్‌ని తీసుకోండి. 2025 లాటరీలో డాలస్‌కి ఉన్న అవకాశం 1.8 శాతం, అయినా మొదటి పిక్ వచ్చింది. 2006 డిసెంబర్ 21న పుట్టాడు, అంటే మొదటి ఎన్‌బీఏ మ్యాచ్ ఆడేనాటికి ఇంకా 18. డ్యూక్‌లో ఫ్రీ త్రోలు 84 శాతం, ఆటకి 4.2 అసిస్ట్‌లు, 1.4 స్టీల్స్, 1.4 బ్లాక్స్. వయసు, టచ్, చూపు మూడూ ఒకే కుర్రాడిలో కనపడటం చాలా అరుదు. కైరీ అర్వింగ్ మోకాలి గాయంతో లేకపోవడంతో సీజన్ మొదట్లో కోచ్ జేసన్ కిడ్ ఇతన్ని పాయింట్ గార్డ్ (ఆట నడిపించే గార్డ్) జాగాలో దింపాడు. డ్యురాంట్‌కి సియాటిల్‌లో జరిగింది గుర్తుపెట్టుకుని ఆ మ్యాచ్‌ల్ని చూడండి. సొంత జాగా కాని చోట ఆడించినప్పుడు షాట్ల శాతం పడిపోతే దాన్ని పట్టించుకోకండి. టర్నోవర్లు నెలనెలా తగ్గుతున్నాయా, సహచరులు అతని చేతిలో బంతి ఉన్నప్పుడు కదులుతున్నారా చూడండి.

నెలల ప్రకారం విడగొట్టడం మర్చిపోవద్దు. కాలేజీలో సీజన్‌కి 35, 40 మ్యాచ్‌లు, ఒక్కోటి 40 నిమిషాలు. ఇక్కడ 82 మ్యాచ్‌లు, 48 నిమిషాలు. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి చాలామంది కుర్రాళ్ల కాళ్లు బరువెక్కుతాయి, షాట్లు రింగు ముందు అంచుకి తగలడం మొదలవుతుంది. ఆ రెండు నెలల పతనం చూసి భయపడక్కర్లేదు. మార్చిలో ఎలా లేచాడన్నది నాకు ముఖ్యం.

ఎంతకాలం ఆగి తీర్పు చెప్పాలి అంటే, జట్లు ఆగినంత కాలం. మొదటి రౌండ్ పిక్ కాంట్రాక్ట్‌లో మొదటి రెండేళ్లే ఖాయం, మూడు, నాలుగు ఏళ్లు జట్టు ఇష్టం. మూడో సీజన్ అయ్యాక, నాలుగోది మొదలయ్యేలోపు పెద్ద ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్ట్ పొడిగింపు) ఇవ్వాలా వద్దా అని కూర్చుని తేల్చుకుంటారు. ఫ్లాగ్ క్లాస్‌కి ఆ సమయం 2028 వేసవి నుంచి అక్టోబర్ దాకా. మీ అంచనాలు ఇప్పుడే తేదీ వేసి ఎక్కడైనా రాసిపెట్టుకోండి, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.